మా సెల్లార్ బి-14లో వేంచేసి ఉన్న ఎస్‌యూవీ గారికి

మహారాజశ్రీ ఎస్‌యూవీ గారి దివ్యసముఖానికి,

హైదరాబాద్ నిజాంపేటలో తమరి తాళం చెవి మోస్తూ, నెలనెలా ఐదో తారీఖున తమరి ఈఎమ్‌ఐ కడుతూ బతుకుతున్న సేవకుడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. నేను క్షేమం. తమరి ఎడమ అద్దం మాత్రం క్షేమం కాదు. మొన్న రివర్స్ చేస్తుంటే స్తంభానికి రాసుకుంది. పదకొండు వేలవుతుందన్నారు. అద్దం ఖరీదు కాదట, అందులో కూర్చున్న కెమెరా ఖరీదట. స్తంభానికి తగలకుండా చూసుకోవడానికే ఆ కెమెరా పెట్టారని ఇన్నాళ్ళూ నమ్మాను.

తా దూర కంత లేదు, మెడకో డోలు అని తమరిని కొన్నప్పుడే మా అమ్మ అంది. బిల్డర్ గారు ఈ సెల్లార్‌లో గీతలు గీయించినప్పుడు ఆయన మనసులో ఉన్న కారు మారుతి 800 అయి ఉండాలి. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన ఆ కారు పొడవు 3.3 మీటర్లు, బరువు 700 కిలోలు కూడా ఉండేది కాదు. నలుగురు పెద్దవాళ్ళం, అత్తయ్య ఒళ్ళో ఒక పిల్లాడు, కాళ్ళ దగ్గర ఆవకాయ జాడీ. అలా దాన్లో తిరుపతి వెళ్ళొచ్చాం. తమరు 4.7 మీటర్లు, 1,900 కిలోలు. రోజూ మోసేది నన్నొక్కడినే. నేను 64 కిలోలు. పల్లకీలో తిరిగిన జమీందారు కూడా తన బరువుకి ముప్పై రెట్ల పల్లకీ చేయించుకోలేదు.

నిన్న సాయంత్రం సంగతి మనవి చేసుకుంటాను. ఇంట్లో పెరుగు అయిపోయింది. కిరాణా కొట్టు మా గేటు నుంచి 800 మీటర్లు. అర కిలో పెరుగు ప్యాకెట్ కోసం తమరిని నిద్ర లేపాను. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటారు చూడండి, అదే, కాకపోతే అస్త్రానికి సీటు కవర్లు కూడా వేయించాను. వాచ్‌మన్ తింటున్న అన్నం వదిలేసి వచ్చి, "రైట్ సార్, ఇంకొంచెం రైట్... ఆగండి సార్ ఆగండి ఆగండి!" అని తమరిని బయటికి తీయించాడు. సందులో ఎదురుగా ట్యూషన్ పిల్లల ఆటో. ఎవరో ఒకరు వెనక్కి తగ్గాలి. తమరు తగ్గరు కదా, పిల్లలతో సహా ఆటోనే మలుపు దాకా వెనక్కి పోయింది. తీరా కొట్టు దగ్గరికి వెళ్తే తమరిని నిలపడానికి చోటు లేదు. ఇంకో రెండొందల మీటర్లు ముందుకెళ్ళి, ఒక ఇంటి గేటు ముందు ఆపి, ఆ ఇంటాయన చూపులు భరిస్తూ వెనక్కి నడిచి పెరుగు కొన్నాను. అంటే నడిచాను కూడా. తమరు ఉండీ నడిచాను.

మొత్తం రెండు కిలోమీటర్లు. చల్లటి ఇంజన్, సందుల ప్రయాణం, లీటరుకి 8 కిలోమీటర్లు దయచేశారనుకుందాం. పావు లీటరు డీజిల్ తాగారు. లీటరు డీజిల్ కాలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే పావు లీటరుకి దాదాపు 670 గ్రాములు. ఈ లెక్క మా ఏడో తరగతి వాడికి వేసి చూపించాను. పావు లీటరు డీజిల్ బరువే అంతుండదు కదా అన్నాడు. కాలేటప్పుడు గాలిలోని ఆక్సిజన్‌ని కలుపుకుంటుందిరా, అందుకే బరువు పెరుగుతుందని చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి, "అంటే నాన్నా, నువ్వు పెరుగు కంటే పొగే ఎక్కువ తెచ్చావు" అన్నాడు. పిల్లలకి సైన్సు చెప్పకూడదు.

తమరిని ఎందుకు కొన్నానో ఇంట్లో వాళ్ళకి చెప్పిన కారణాలు వేరు. అసలు కారణం తమరికైనా చెప్పాలి. మా తోడల్లుడు కొన్నాడు. సంక్రాంతికి మామగారి ఊరు వెళ్తే, ఇంటి ముందు వేపచెట్టు నీడలో ఆయన ఎస్‌యూవీ నిలబడి ఉంది. ఆ నీడ ఒక్క బండికే సరిపోతుంది. మామగారు నా చిన్న కారు వైపు చూసి, "అల్లుడుగారూ, మీది అలా గడ్డివామి పక్కన పెట్టేయండి, పర్లేదు" అన్నారు. ఆ 'పర్లేదు' ఖరీదు ఆన్‌రోడ్ ఇరవై మూడు లక్షలు. ఇప్పుడు సంక్రాంతికి రెండు బండ్లూ ఎండలోనే ఉంటున్నాయి, ఎందుకంటే ఆ ఒక్క చోటు ఎవరిదో ఇంకా తేలలేదు.

మా అమ్మ విషయం కూడా రాయాలి. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. తమరి గుమ్మం ఆవిడకి కొండగట్టు మెట్ల కంటే ఎత్తు. అందుకని డిక్కీలో ఒక ప్లాస్టిక్ పీట పెట్టుకు తిరుగుతున్నాం, నీలం రంగుది, బాత్రూమ్‌లో వాడేది. ఎక్కడ ఆపినా ముందు నేను దిగాలి, వెనక్కి వెళ్ళి పీట తీయాలి, తలుపు కింద వేయాలి, అమ్మ దాని మీద కాలు పెట్టి దిగాలి, మళ్ళీ పీట డిక్కీలోకి. ఆస్పత్రి పోర్టికోలో సెక్యూరిటీ అతను ఈ తంతు అంతా చూసి, "ఆటోలో వస్తే సులువు కదమ్మా" అన్నాడు. అమ్మ నా వైపు చూసి నవ్వింది. ఏమీ అనలేదు, అదే ఇంకా కష్టంగా ఉంది.

పన్ను వేయడం కోసం తమరి జాతకం ప్రభుత్వమే రాసి పెట్టింది. పొడవు 4,000 మిల్లీమీటర్లు దాటాలి, ఇంజన్ 1,500 సీసీ దాటాలి, పొట్టకీ నేలకీ మధ్య 170 మిల్లీమీటర్లో అంతకు మించో ఖాళీ ఉండాలి. అప్పుడే తమరు తమరు. ఆ 170 అనేది బండి ఖాళీగా ఉన్నప్పుడు కొలవాలా, మనుషులెక్కాక కొలవాలా అన్న సందేహం వస్తే, 2023 జూలైలో జీఎస్టీ కౌన్సిల్ కూర్చుని ఖాళీగా ఉన్నప్పుడే అని తేల్చింది. దేశంలో గుంతల లోతు ఎవరూ కొలవలేదు గానీ, గుంత దాటే బండి ఎత్తు మాత్రం మిల్లీమీటరు తేడా రాకుండా కొలిచారు. 4,000 హద్దు చూసుకుని తమరి చిన్నతమ్ముళ్ళు చాలామంది 3,995 దగ్గర ఆగిపోయారు. ఐదు మిల్లీమీటర్లు పన్ను కోసం కడుపు లోపలికి పీల్చుకున్నారు, చూడడానికి మాత్రం తమరి పోలికే.

నేను కొన్నప్పుడు 28 శాతం జీఎస్టీ, దాని మీద 22 శాతం సెస్సు, కలిపి 50. పాపపరిహారం ముందే కట్టేశాను కదా అన్న ధీమాతో తిరిగాను. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 అయింది. పాపం పది శాతం తగ్గిందో, పరిహారం తగ్గిందో నాకు అర్థం కాలేదు. తోడల్లుడు మాత్రం ఫోన్ చేసి, "అన్నయ్యా, తొందరపడ్డావు" అన్నాడు.

ఇంకా చోద్యం ఒకటుంది. కార్ల కంపెనీలు అమ్మే బండ్లన్నీ కలిపి సగటున కిలోమీటరుకి ఎన్ని గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వదలవచ్చో మన దేశంలో ఒక నిబంధన ఉంది. 2022 నుంచి అది 113 గ్రాములు. కానీ అందరికీ ఒకటే 113 కాదు. కంపెనీ బండ్ల సగటు బరువు పెరిగే కొద్దీ హద్దు కూడా కాస్త పైకి జరుగుతుంది. పెళ్ళిలో రెండు విస్తళ్ళు వేసుకునేవాడికి లావుగా ఉన్నాడు పాపమని మూడోది కూడా వేసినట్టు. లీటరుకి 10 ఇచ్చిన రోజున కూడా తమరు కిలోమీటరుకి 270 గ్రాములు వదులుతున్నారు. అది నేను యాక్సిలరేటర్ నొక్కే తీరు వల్లనని సర్వీసు సెంటర్ వాళ్ళు అన్నారు.

ఎందుకు కొన్నావంటే గుంతలండీ, వానలండీ అని నేను అందరికీ చెప్పే మాటలు తమరు వినే ఉంటారు. గుంతల మాట నిజమే, కాదనను. వానల మాటే కొంచెం ఇబ్బంది. 2020 అక్టోబరు 13 రాత్రి హైదరాబాద్‌లో కురిసిన వానకి సెల్లార్లు నిండిపోయి, తమరి వంశం వాళ్ళు కూడా చిన్న కార్లతో సమానంగా మునిగారు. నీళ్ళకి గ్రౌండ్ క్లియరెన్స్ అంటే తెలియదు. వానల తీరు చెడిందని తమరిని కొన్నాం, వానల తీరు చెడగొట్టే పొగలో తమరిదీ ఒక చెయ్యి ఉంది. గొడుగు కోసం చెట్టు కొట్టినట్టుంది కానీ, గొడుగుకి సన్‌రూఫ్ ఉంది కాబట్టి ఎవరూ అడగడం లేదు.

అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్కలో 2023లో ప్రపంచంలో అమ్ముడైన కార్లలో 48 శాతం తమరి వంశమే. మన దేశంలో 2024-25లో వందకు దాదాపు 65 యుటిలిటీ వాహనాలే, అంటే తమరూ తమరి దాయాదులూ. ప్రపంచంలోని ఎస్‌యూవీలన్నీ కలిసి ఒక దేశమైతే, కార్బన్ డయాక్సైడ్ వదలడంలో ఐదో స్థానం, జపాన్ కంటే ముందు. ఆంధ్రాలో పుట్టి, తెలంగాణలో ఈఎమ్‌ఐ కడుతూ, నాకు తెలియకుండానే ఒక మూడో దేశం పౌరుణ్ణయ్యాను. పారిస్ వాళ్ళు ఆ దేశం వాళ్ళకి వీసా కష్టం చేశారు. 2024 ఫిబ్రవరిలో ఓటింగ్ పెట్టి, బయటినుంచి వచ్చే బరువైన బండ్లకి పార్కింగ్ మూడింతలు చేశారు. ఊరి నడిబొడ్డున గంటకి 18 యూరోలు, అప్పటి మన డబ్బుల్లో పదహారు వందల పైచిలుకు. ఓటేయడానికి వచ్చింది వందకు ఆరుగురు కూడా కాదు, అయినా నెగ్గింది. మా వీధిలో తమరి చుట్టాలు ఫుట్‌పాత్ మీద పగలూ రాత్రీ పడుకుంటారు. గంటకి సున్నా. నేను నడవడం మానేసింది కూడా అందుకే, నడుద్దామంటే వాళ్ళని తప్పించుకుంటూ రోడ్డు మీదికి దిగాలి.

ఇక తమరి వినోదం గురించి. ఏడాదికి రెండుసార్లు తమరి లోపలి పులిని నిద్ర లేపాలని షోరూమ్ కుర్రాడు చెప్పాడు. అందుకని పోయిన వానాకాలం ఆఫీసు బ్యాచ్ నాలుగు బండ్లతో వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలకి వెళ్ళాం. ఘాట్ రోడ్డు మీద పోతే సరిపోయేది. మా టీమ్‌లో ఒకాయన, "ఇది ఎవరైనా ఎక్కుతారు" అని పక్కన ఎర్రమట్టి బాటలోకి దింపాడు. మేమూ దింపాం. ఒక చిన్న నీటిపాయ అడ్డొచ్చింది, మడమ మునిగేంత. దాన్ని పదకొండుసార్లు దాటాం. దాటాల్సిన అవసరం లేదు, వీడియో సరిగా రాలేదని. పన్నెండోసారికి అది పాయలా లేదు, దున్నిన మడిలా ఉంది. పక్కన మేకలు తోలుకొచ్చిన ముసలాయన ఒకరు కర్ర ఆనించుకుని చూస్తూ నిలబడ్డారు. మేం అయిపోయాక, "అయిపోయిందా బిడ్డా? మేకలు నీళ్ళు తాగాల" అన్నారు. మేకలు ఆ బురద వాసన చూసి పైకి వెళ్ళిపోయాయి.

ఆ కొండల్లోనే మూసీ పుడుతుంది. ఇంటికొచ్చాక మా వాడు చెప్పాడు, సోషల్ పుస్తకంలో ఉందట. మర్నాడు సోమవారం పాతబస్తీలో పనుండి మూసీ వంతెన మీదుగా పోతుంటే, వాసనకి తమరి అద్దాలు నాలుగూ ఎక్కించి, ఏసీలో లోపలి గాలే తిరిగేలా బటన్ నొక్కాను. తమరి చక్రాల సందుల్లో ఆ ఎర్రమట్టి ఇంకా ఉంది. దాన్ని వాచ్‌మన్ రెండు రోజులు కడిగాడు, ట్యాంకర్ నీళ్ళతో.

కరెంటు బండి తీసుకోమని సలహాలొస్తున్నాయి. తెలంగాణలో 2024 నవంబరు నుంచి వాటికి రోడ్డు టాక్సు పూర్తిగా మాఫీ, 2026 చివరిదాకా. పొగ తక్కువే, ఒప్పుకుంటాను. కానీ తోడల్లుడు బుక్ చేసిన కరెంటు ఎస్‌యూవీ రెండు టన్నుల పైమాట. ఆయనా దాన్లో పెరుగుకే వెళ్తాడు. సందులో ఆటో అప్పుడు కూడా వెనక్కే పోతుంది, కాకపోతే హారన్ దాకా చప్పుడు వినపడదు.

తమరిని అమ్మేద్దామా అని మొన్న రాత్రి మా ఆవిడతో అన్నాను. "అమ్మేస్తే సంక్రాంతికి ఏం వేసుకుని వెళ్తారండీ?" అంది. వేసుకుని అంది, గమనించండి. చొక్కా గురించి అడిగినట్టు.

ఈ ఆదివారం వికారాబాద్ వైపు కోట్‌పల్లి చెరువు దగ్గరికి పోదామంటున్నారు పిల్లలు. నలుగురమే, ఏడు సీట్లు. పొద్దున ఐదున్నరకి తీస్తాను, అప్పటికి వాచ్‌మన్ లేచి ఉంటాడు. స్తంభం వైపు తమరే కాస్త సర్దుకోండి. అమ్మ రానంది. పీట మాత్రం డిక్కీలోనే ఉండనిచ్చాను.

ఇట్లు,
తమరి తాళం చెవి,
సెల్లార్ బి-14