పోర్ట్ నంబర్ మార్చినంత మాత్రాన సర్వర్ భద్రం కాదు

యాప్ సర్వర్ల (టామ్‌క్యాట్, వైల్డ్‌ఫ్లై లాంటి, వెబ్ అప్లికేషన్లను నడిపే సాఫ్ట్‌వేర్) గురించి ఒక మెసేజ్ ఈ మధ్య గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. అందులో చెప్పేవి నాలుగు: డిఫాల్ట్ పోర్ట్ (సర్వర్ కనెక్షన్ల కోసం వినే ద్వారం లాంటి నంబర్) తీసేసి పెద్ద నంబర్ ఏదైనా పెట్టుకుంటే సర్వర్ ఇక ఎవరికీ దొరకదు, వెబ్‌కి మామూలుగా వాడే 80 పోర్ట్ మీద నడపాలంటే రూట్‌తో, అంటే మెషీన్ మీద పూర్తి అధికారం ఉన్న యూజర్‌తో, స్టార్ట్ చేయక తప్పదు, వెబ్ పోర్ట్ ఒక్కటి చూసుకుంటే చాలు, మిగతావి లోపలి పనులకే కాబట్టి వదిలేయొచ్చు, పోర్ట్ బిజీ అని ఎర్రర్ వస్తే మెషీన్ రీస్టార్ట్ చేసేయాలి. కొత్తగా సర్వర్లు చూసుకుంటున్నవాళ్లు దీన్ని దాచిపెట్టుకుని మరీ పాటిస్తున్నారు. నాలుగూ తప్పే.

మొదటిది, ఎవరికీ దొరకదన్న మాట. పోర్ట్‌లు మొత్తం కలిపి 65,535. ఒక మెషీన్ మీద అన్నిటినీ తట్టి చూడటం, ఏవి తెరిచి ఉన్నాయో వెతికే స్కానర్‌కి పెద్ద పనేమీ కాదు. 2013లో వచ్చిన జెడ్‌మ్యాప్ అనే స్కానర్, ఒక పోర్ట్ కోసం ఐపీవీ4 ఇంటర్నెట్ మొత్తాన్ని ముప్పావు గంటలోపే చుట్టేసింది. ఎన్‌మ్యాప్ అనే ఇంకో స్కానర్ అయితే నంబర్ చూసి ఊరుకోదు, వచ్చిన జవాబును బట్టి అక్కడ నడుస్తున్నది ఏ సర్వరో, చాలాసార్లు ఏ వెర్షనో కూడా చెప్పేస్తుంది. నంబర్ మారిస్తే లాగుల్లో చెత్త రిక్వెస్టులు తగ్గుతాయి, అది నిజమే, కానీ అంతకు మించి ఒరిగేదేమీ లేదు.

పైగా పెద్ద నంబర్ పెట్టుకోమనడం వల్ల ఇంకో తలనొప్పి. లైనక్స్ బయటికి వెళ్లే కనెక్షన్లకు మామూలుగా 32768 నుంచి 60999 దాకా ఉన్న నంబర్లలోంచి తీసి ఇస్తుంది. మీరు 48080 పెట్టుకున్నారనుకోండి, సర్వర్ ఆపి మళ్లీ స్టార్ట్ చేసే ఆ కాస్త వ్యవధిలో డేటాబేస్‌కో ఇంకెక్కడికో వెళ్లే కనెక్షన్‌కి ఆ నంబరే దక్కితే మీ సర్వర్ పైకి లేవదు, కాసేపాగి చూస్తే ఏమీ జరగనట్టు లేస్తుంది, కారణం మాత్రం ఎవరికీ అంతుపట్టదు. అందుకే 1024కి పైన, 32768కి కింద ఉన్న నంబర్ ఎంచుకోండి. పెద్దదే కావాలంటే దాన్ని కర్నెల్ సెట్టింగ్‌లో ముందే రిజర్వ్ చేసి పెట్టాలి.

రూట్ సంగతి. 1024కి కింది పోర్ట్‌లకు ప్రత్యేక అనుమతి కావాలన్నది నిజం, ఆ అనుమతి రూట్‌కే ఉంటుందన్నది నిజం కాదు. ముందు రిక్వెస్టులు తాను తీసుకుని లోపలికి పంపే ఇంజన్‌ఎక్స్ లాంటి ప్రాక్సీ పెట్టి, యాప్ సర్వర్‌ని 127.0.0.1 (ఆ మెషీన్‌కి మాత్రమే కనపడే అడ్రస్) మీద 8080లోనే ఉంచడం అన్నిటికన్నా మంచి పద్ధతి. ప్రాక్సీ వద్దనుకుంటే లైనక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ సర్వీస్ ఫైల్‌లో చిన్న పోర్ట్‌లు వాడుకునే అనుమతి ఒక్కటే ఇవ్వొచ్చు. రూట్‌తో నడిపితే యాప్‌లో ఉన్న ఒక్క లొసుగుతో మెషీన్ మొత్తం పరుల చేతికి పోతుంది. అంతదాకా పోకపోయినా, ఒక్కసారి రూట్‌తో స్టార్ట్ చేస్తే లాగ్స్ ఫోల్డర్‌లో ఫైళ్లు రూట్ పేరు మీద పడతాయి, మర్నాడు మామూలు యూజర్‌తో స్టార్ట్ చేస్తే పర్మిషన్ లేదంటూ మొరాయిస్తుంది.

ఇక మూడోది. నాకు నిజంగా కోపం తెప్పించింది ఇదే, ఎందుకంటే దెబ్బ తగిలేది ఎక్కువగా ఈ "లోపలి" పోర్ట్‌ల దగ్గరే. టామ్‌క్యాట్‌లో 8080 కాకుండా 8005, 8009 కూడా ఉంటాయి. 8009 ఏజేపీ ప్రోటోకాల్‌ది, అంటే ముందున్న వెబ్ సర్వర్ టామ్‌క్యాట్‌తో మాట్లాడే పద్ధతిది. 2020లో బయటపడ్డ ఘోస్ట్‌క్యాట్ లోపం, అంటే సీవీఈ-2020-1938, దానిలోదే. ఆ పోర్ట్‌ని చేరగలిగినవాడు యాప్ లోపలి కాన్ఫిగరేషన్ ఫైళ్లు చదివేయగలడు. అప్పటిదాకా ఏజేపీ డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉండేది, అదీ అన్ని ఐపీల మీదా వినేది. 9.0.31 నుంచి దాన్ని కామెంట్‌లో పెట్టి ఇస్తున్నారు, పాత సర్వర్ ఫైల్‌ని అలాగే కాపీ చేసి కొత్త వెర్షన్‌లో పెట్టుకున్నా, రహస్య పదం ఇవ్వనిదే ఏజేపీ మామూలుగా స్టార్ట్ కాదు, కానీ ఆ షరతు తీసేసి, అన్ని ఐపీల మీదా వినమని చెబితే పాత ప్రమాదం మళ్లీ మేల్కొంటుంది. 8005 షట్‌డౌన్ పోర్ట్, సొంత మెషీన్ నుంచే పలుకుతుంది, అవసరం లేకపోతే -1 పెట్టి మూసేయండి. వైల్డ్‌ఫ్లైలో 9990, గ్లాస్‌ఫిష్‌లో 4848 అడ్మిన్‌వి. 14.1.2కి ముందటి వెబ్‌లాజిక్‌లో అయితే విడిగా పెట్టుకోకపోతే యాప్, కన్సోల్, దాని సొంత టీ3 ప్రోటోకాల్ అన్నీ 7001 మీదే ఉంటాయి, కాబట్టి అక్కడ "వెబ్ పోర్ట్ ఒక్కటే" అన్న మాటకే అర్థం లేదు.

జావా ప్రోగ్రాములను బయటి నుంచి గమనించి నడిపించే జేఎంఎక్స్ ఇంకా ఇబ్బంది. మీరు ఒక పోర్ట్ ఇస్తారు, అది ఆర్‌ఎంఐ (దూరం నుంచి జావా కోడ్‌ని పిలిచే పద్ధతి) కోసం ఇంకోటి తనకు నచ్చింది తెరుస్తుంది, ఫైర్‌వాల్ అడ్డుపడి కనెక్ట్ కాదు, విసుగొచ్చి రేంజ్ మొత్తం తెరిచేస్తారు. ఆ ఆర్‌ఎంఐ పోర్ట్‌కి కూడా నంబర్ ఫిక్స్ చేసే ప్రాపర్టీ ఉంది, రెండిటికీ ఒకే నంబర్ ఇచ్చినా పనిచేస్తుంది. పాస్‌వర్డ్ లేకుండా మాత్రం తెరవొద్దు, అది బయటివాళ్లకు మీ సర్వర్‌లో వాళ్ల కోడ్ నడుపుకోమని చెప్పడమే. యాప్‌లను కంటెయినర్లలో నడిపే డాకర్ వాడేవాళ్లకు ఒక హెచ్చరిక: మామూలుగా పబ్లిష్ చేసిన పోర్ట్ యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్ రూల్స్‌ని దాటుకుని బయటికి కనపడుతుంది. నంబర్ ముందు 127.0.0.1 చేర్చండి.

నాలుగోది తేలిక. పోర్ట్ ఎవరు పట్టుకున్నారో చూడకుండా రీస్టార్ట్ ఎందుకు? ఎస్ఎస్ కమాండ్‌ని ఎల్, టీ, ఎన్, పీ ఆప్షన్లతో రూట్ అనుమతితో ఇస్తే ప్రాసెస్ పేరుతో సహా చూపిస్తుంది. చాలాసార్లు అది సరిగ్గా ఆగని మీ పాత జావా ప్రాసెసే. ఒకే మెషీన్‌లో రెండు వైల్డ్‌ఫ్లైలు కావాలంటే రెండోదానికి పోర్ట్ ఆఫ్‌సెట్ 100 ఇవ్వండి, 8080 కాస్తా 8180, 9990 కాస్తా 10090 అవుతాయి, ఒక్కోటీ చేత్తో మార్చక్కర్లేదు.

అదే లిస్టులో అడ్రస్ కాలమ్ కూడా చూడండి. 127.0.0.1 ఉంటే ఆ మెషీన్ వరకే, 0.0.0.0 గానీ నక్షత్రం గుర్తు గానీ ఉంటే ఫైర్‌వాల్ ఆపకపోతే అందరికీ. తర్వాత వేరే నెట్‌వర్క్‌లోని మెషీన్ నుంచి మీ సర్వర్‌ని మీరే ఒకసారి స్కాన్ చేయండి, మీరు తెరవాలనుకున్నవి కాక ఇంకేమైనా పలికితే ముందు దాన్ని మూయండి, నంబర్ల సంగతి తర్వాత చూసుకోవచ్చు.