నవ్వమన్నాం గానీ దింపలేదు

మొన్న మన సంఘం సంక్రాంతి సంబరాల్లో భోగిపళ్ల వేళ జరిగింది మీరూ చూశారు. మూడేళ్ల పిలకాయను కుర్చీలో కూర్చోబెట్టి, పాతికమందిమి చుట్టూ మూగి, చిల్లరా బంతిపూల రెక్కలూ గుమ్మరించాం. రేగుపళ్లు దొరక్క కలిపిన బ్లూబెర్రీలు వాడి పట్టు చొక్కా మీద చితికిపోయాయి. వాడు ఏడవలేదు. కళ్లు ఇంతింత చేసుకుని బిగుసుకుపోయాడు. మైకులో "నవ్వు నాన్నా, నవ్వు!" అన్నారు. హాలంతా నవ్వింది. ఫోను పట్టుకుని నేనూ నవ్వాను.

తర్వాత వాళ్లమ్మతో "గమనించలేదమ్మా" అన్నాం. అబద్ధం. ఎదుటి ముఖంలో భయం కనిపిస్తే చప్పున కదిలే భాగమొకటి మెదడులో ఉంది, అమిగ్డాలా, బాదంగింజంత. మూర్ఛ చికిత్సకని మెదడులో ఎలక్ట్రోడ్లు అమర్చినవాళ్లకు ముఖాలు చూపించి చేసిన పరిశోధన 2016లో వచ్చింది. భయపడ్డ ముఖానికి అది 74 మిల్లీసెకన్లకే స్పందించిందట, అదీ మసక బొమ్మకి. రెప్పపాటుకైనా అంతకంటే ఎక్కువ పడుతుంది. 2004లోనైతే బెదిరిన కళ్ల తెల్లగుడ్డు ఒక్కటే 17 మిల్లీసెకన్లు చూపించారు. చూసినట్టు చూసినవాళ్లకే తెలియలేదు, అమిగ్డాలా మాత్రం కదిలింది. మరి మనం అంత దగ్గర నిలబడి చూడలేదంటే ఎవరు నమ్ముతారు?

మాది కందుకూరు వైపు, కూర్చున్నచోటే జిల్లాలు మారే ఊరు. నా ఐదో ఏట గంగిరెద్దు మా గడపలో తలూపింది. నేను నోరు తెరవకముందే మా నాయనమ్మ నా మొహం చూసి, "పిలకాయ జడుసుకున్నాడు, ఎద్దును పక్కకు తీయబ్బా" అని చంకనేసుకుంది. సాయంత్రం ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేసింది. ఘాటుకు ఇంటిల్లిపాదీ దగ్గాం. అన్నం తినకపోతే "బూచోడికి పట్టిస్తా" అని రోజూ జడిపించేదీ ఆమే, అది వేరే సంగతి.

భోగిపళ్లు మానమనడం లేదు. కొందరు పిల్లలకి అదే సరదా. బెరుకు నాలుగుసార్లు వేదికెక్కితే పోతుందన్నదీ నిజమే, మా అమ్మాయికి పోయింది. కానీ ఉగాదికి పద్యాలు చెప్పించేటప్పుడు వేదిక అంచున ఒక పెద్దమ్మను కూర్చోబెట్టండి. మైకు ఆమెకివ్వొద్దు. ఏ బిడ్డ కళ్లు పెద్దవైనా, కమిటీని అడక్కుండా ఎత్తుకుని కిందికి తెచ్చే అధికారం ఇవ్వండి చాలు.

ఆ వీడియో పంపమని వాళ్లమ్మ రెండుసార్లు అడిగింది. అందులో అందరికంటే గట్టిగా వినిపించేది నా నవ్వే. ఇంకా పంపలేదు.