రెండాకులు, నాలుగు మిరియాలు

మా అపార్ట్‌మెంట్ మెట్ల పక్కన నేను పెంచుతున్న రణపాల మొక్కకి ఈ మధ్య ఆకులు మిగలడం లేదు. పురుగు పట్టిందా అంటే లేదు, మేకలు వచ్చే వీలూ లేదు. దానికి పట్టింది మా వాకింగ్ బృందం.

తెల్లారి ఐదున్నరకి లిఫ్ట్ చప్పుడైందంటే ఎవరికో కిడ్నీలో రాయి ఉన్నట్టే లెక్క. "మాస్టారూ, రెండాకులు!" అని గుమ్మం దగ్గర ఒక కేక. సమాధానం కోసం ఆగేది లేదు, తుంపుకుపోవడమే. ధనుర్మాసంలో హరిదాసు కూడా ఇంత క్రమం తప్పకుండా రాడు. రణపాల రాళ్లు కరిగిస్తుందని ఎవరు చెప్పారని మాత్రం అడగకూడదు. వాట్సాప్‌లో వచ్చినదానికి ఊరూ పేరూ అడగడం మర్యాద కాదు.

మొన్న ఆదివారం మోతాదు విషయమై కుండీ చుట్టూ సభ జరిగింది. పరగడుపున రెండాకులు, నాలుగు మిరియాలు అన్నారు మూడో అంతస్తు బాబాయిగారు. కాదు, ఏడాకులు ఏడు రోజులు, ఉప్పు ముట్టరాదు అన్నారు అసోసియేషన్ సెక్రటరీగారు. బజ్జీలు వేసుకున్నా పనిచేస్తుందని, కాకపోతే గానుగ నూనె వాడాలని పైఅంతస్తు పిన్నిగారు సవరణ ప్రతిపాదించారు. లిఫ్ట్ రిపేరు మీటింగుకి నలుగురు కూడా రారు గానీ ఈ సభకి కుర్చీలు చాల్లేదు. ఇంతలో ఒకాయన ఫోన్లో స్కానింగ్ రిపోర్టు తీసి, "నాది 9 మిల్లీమీటర్లండీ" అన్నారు. ఆ గొంతులో కొడుక్కి గ్రీన్‌కార్డు వచ్చినంత ధీమా. 6 మిల్లీమీటర్లాయన పాపం మారు మాట్లాడకుండా వెనక్కి జరిగారు.

సెక్రటరీగారు ఒక ఆకు నమిలి, కళ్లు మూసుకుని, "పులుపు చూశారా? రాయిని కరిగించేది ఈ పులుపే" అని తీర్పు చెప్పారు.

ముప్పై ఏళ్లు బడిలో జీవశాస్త్రం చెప్పిన నోరు, ఊరుకోలేదు. ఈ మొక్క మనది కాదు, మడగాస్కర్‌ది. ఎండలో నీరు పోకుండా పగలు ఆకు రంధ్రాలు మూసుకుని, రాత్రి తెరిచి, లోపలికి వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌ని మాలిక్ ఆమ్లంగా దాచుకుంటుంది. అందుకే పొద్దున పులుపు. పగలు ఆ ఆమ్లం ఖర్చయిపోతుంది కాబట్టి మధ్యాహ్నానికి చప్పన. ఈ సంగతి నమిలి చూసి రాసినవాడు బెంజమిన్ హేన్. ఒకప్పుడు మన సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ వారి తోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త. ఆయన ఉత్తరం 1815లో అచ్చయింది. అందులో రాళ్ల ఊసు లేదు.

అంతా శ్రద్ధగా విన్నారు. "అయితే పొద్దున్నే తినాలన్నమాట" అని బాబాయిగారు రాసుకున్నారు.

పులుపు రాళ్లని కరిగిస్తే గోంగూర, చింతపండు పులుసు తినే మన జిల్లాల్లో స్కానింగ్ సెంటర్లు ఈపాటికి మూతపడి ఉండాలి. "మా తోడల్లుడికి పడిపోయిందండీ!" అంటారు. పడిపోతుంది. 5 మిల్లీమీటర్ల లోపు రాళ్లు చాలావరకు వాటంతట అవే పోతాయి. కష్టం మూత్రనాళానిది, పేరు ఆకుది.

అసలు నా బాధ ఇంకొకటి. రణపాలంత సులువైన మొక్క లేదు. నోటుపుస్తకంలో ఆకు పెట్టి మరిచిపోతే అంచుల నొక్కుల్లోంచి పిల్ల మొక్కలొస్తాయి, బడి పిల్లలందరికీ తెలుసు. కాస్త ఎండ తగలాలి, మట్టి ఆరాకే నీళ్లు పోయాలి. ఎక్కువైతే వేరు కుళ్లుతుంది. రాయి ఉన్న మనిషి సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. రోజుకి రెండు, రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేలా నీళ్లు తాగమంటారు డాక్టర్లు. మా వాళ్లు కుండీకి బకెట్టు కుమ్మరించి, తాము రోజంతా మూడు టీలతో గడిపేస్తారు.

ఇంకో మాట. ఈ జాతి మొక్కల్లో గుండె మీద పనిచేసే విషాలుంటాయి. ఆస్ట్రేలియాలో వీటిని మేసి పశువులు చచ్చాయి. మా బృందంలో సగం మంది గుండె మాత్రల వాళ్లే. చెబితే, "ప్రకృతి వైద్యం మాస్టారూ, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు" అని నన్నే ఓదారుస్తారు. గన్నేరు కూడా ప్రకృతే.

మా మేనల్లుడు లారీ నడుపుతాడు. దారిలో ఆపుకోవాల్సి వస్తుందని నీళ్లు తాగడు. నొప్పి వచ్చినప్పుడల్లా ఆకు నమిలాడు. కొన్నాళ్లకి నొప్పి ఆగింది. రాయి కరిగిందని ఇంట్లో పాయసం వండారు. అది కరగలేదు. నాళంలో అడ్డంపడి కదలకుండా కూర్చుంది, వెనక కిడ్నీ ఉబ్బిపోయింది. నాలుగు నెలలకి చలిజ్వరంతో ఆసుపత్రిలో పడ్డాడు. ఆ వైపు కిడ్నీ తీసేశారు. వాడికి ముప్పై నాలుగేళ్లు. స్కానింగుకి డబ్బుల్లేక ఆకు నమిలినవాణ్ణి నేనేమీ అనను. ఏటా మాస్టర్ హెల్త్ చెకప్ చేయించుకుంటూ, ఏసీ గదిలో కూర్చుని, వాడికి ఆ చిట్కా పంపిన పెద్దమనుషులున్నారే, వాళ్లకి సిగ్గుండక్కర్లేదా? అదే గ్రూపులో పరామర్శ వచ్చింది. గెట్ వెల్ సూన్, రెండు గులాబీలు. దాని కిందే, ఒక్క కిడ్నీ ఉన్నవాళ్లు తాగాల్సిన కషాయం!

మొక్కని తీసి పారేద్దామనుకున్నాను. చేతులు రాలేదు. నిన్న రాత్రి కుండీ పక్కన లీటరు నీళ్ల సీసా పెట్టి, చీటీ అంటించాను: "ఆకు కోసేవారు ముందు ఈ నీళ్లు పూర్తిగా తాగవలెను."

పొద్దున చూస్తే సీసా ఖాళీ. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. వంగి చూద్దును కదా, కుండీ నిండా నీళ్లు.