సీతమ్మ పేరు పెట్టారు సరే, వంటమ్మల మాటేమిటి?

కోనసీమలోని పి.గన్నవరం దగ్గర గోదావరి వైనతేయ పాయ మీదుగా కాలువను దాటించే వంతెన, అంటే అక్విడెక్టుకు, ఆకలితో వచ్చినవాళ్లకు అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ పేరుంది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడుల్లో మధ్యాహ్న భోజనానికీ ఆ పేరే పెట్టింది. మంచి పని. కానీ 1909లో కన్నుమూసిన ఓ ఇల్లాలిని కోనసీమ ఇంకా ఎందుకు తలుచుకుంటోందో పేరు పెట్టినవాళ్లు ఆలోచించారా?

ఆమె ట్రస్టు పెట్టలేదు, శిలాఫలకం వేయించుకోలేదు. మండపేటలో పుట్టి లంకల గన్నవరానికి కోడలిగా వచ్చింది. భర్త జోగన్నగారు పండితుడు, భూవసతి ఉన్న రైతు. చుట్టూ గోదావరి పాయలు, లంకలు. రేవు దాటి అలసి వచ్చినవాళ్లు, వరదకు కొంప మునిగినవాళ్లు వేళకాని వేళ తలుపు తట్టినా పొయ్యి రాజుకునే ఇల్లు అది.

ఓసారి అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి పల్లకీలో బయలుదేరిందట. దారిలో ఓ పెళ్లివారి గుంపు. ఆకలికి ఏడుస్తున్న పిల్లల్ని పెద్దవాళ్లు సముదాయిస్తున్నారు: కాస్త ఓర్చుకోండి, గన్నవరం చేరితే సీతమ్మగారింట అన్నం దొరుకుతుందని. ఆ మాట చెవిన పడగానే పల్లకీ వెనక్కి తిప్పించి, వాళ్లకన్నా ముందు ఇల్లు చేరి ఎసరు పెట్టిందని చెప్పుకుంటారు. ఈ కథ విన్నప్పుడల్లా అందరూ ఆమె దయను మెచ్చుకుంటారు. నన్ను కదిలించేది ఆమె భక్తి. స్వామి దర్శనం మానుకున్నానని ఆమె అనుకుని ఉండదు. స్వామే ఆకలితో తన గడపకు వస్తున్నాడని నమ్మి ఉంటుంది. అంత నమ్మకం లేకపోతే, పొలాలు కరిగిపోతున్నా ఏళ్ల తరబడి ఆ పొగలో నిలబడటం ఎవరి తరం?

ఊరికే పెడితే జనం సోమరులవుతారనేవాళ్లు అప్పుడూ ఉండే ఉంటారు, ఇప్పుడూ ఉన్నారు. ఒక్క ఇల్లు ఎంతమంది ఆకలి తీరుస్తుంది, అది ప్రభుత్వం పని అనే వాదనలో న్యాయముంది. బడుల్లో వండిన భోజనం పెట్టాలని 2001లో సుప్రీంకోర్టు ఆదేశించిందీ అందుకే. కంచం ముందు కూర్చున్న ఏడేళ్ల పిల్లకు సోమరితనం అంటగట్టేవాళ్లతో మాత్రం నాకు మాటల్లేవు.

ఇవాళ సీతమ్మకు అసలైన వారసులు బడి వంటగదిలో ఉన్నారు. కుక్ కమ్ హెల్పర్ అని కాగితాల మీద రాసే ఆ అక్కలకు కేంద్రం 2009లో ఖరారు చేసిన గౌరవ వేతనం నెలకు 1,000 రూపాయలు, అదీ ఏడాదికి 10 నెలలే. రాష్ట్రం కలిపితే 3,000 అయింది. బిల్లులు ఆలస్యమైతే కూరగాయల కొట్లో అరువు వాళ్ల పేరు మీదే పెరుగుతుంది. పొలం అమ్మి వండిపెట్టింది సీతమ్మ. అప్పు చేసి వండుతున్నారు వీళ్లు. ఆమె త్యాగం ఆమె కోరి పట్టిన వ్రతం. ఇంకొకరి ఇల్లాలి మీద ఆ వ్రతాన్ని రుద్దే హక్కు ఏ ప్రభుత్వానికీ లేదు. అన్నదానాన్ని పుణ్యమని పొగుడుతూ వండే చేతిని మరిచిపోవడం మనకు ఎప్పటినుంచో అలవాటు. పెళ్లిళ్లలో, గుళ్లలో దాత పేరు మైకులో వినిపిస్తుంది, గాడిపొయ్యి దగ్గరున్న మనిషి పేరు ఎవరూ అడగరు.

పథకం పేరు మార్చడానికి ఒక్క ఉత్తర్వు సరిపోయింది. వేసవి సెలవులతో సహా 12 నెలలకూ వేతనం ఇవ్వడానికి, సరుకుల బిల్లు నెలనెలా చెల్లించడానికి అలాంటి ఉత్తర్వే మరొకటి కావాలి. అది జూన్‌లో బడులు తెరిచేలోగా రావాలి.