పుర్రె ఎముకను పలచబరిచేది కాల్షియం లోపమా?

"వయసు పైబడ్డాక కాల్షియం తగ్గి పుర్రె ఎముక అరిగిపోతుంది, అందుకే మెదడులోని నీరు ముక్కులోంచి కారుతుంది. కాల్షియం మాత్రలు వాడితే ఆగిపోతుంది. అనుమానం ఉంటే ఆ నీటిని షుగర్ స్ట్రిప్ మీద వేసి చూసుకోండి. లేచి నిలబడితే తలనొప్పి రావడమే దీని గుర్తు. ఆపరేషన్‌కు మాత్రం ఒప్పుకోకండి, పుర్రె తెరిచేస్తారు." ఈ మెసేజ్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. ఇందులో నిజం లేకపోలేదు. మెదడు చుట్టూ ఉండే ద్రవం, అంటే సీఎస్‌ఎఫ్, ఏ దెబ్బా తగలకుండానే ముక్కులోంచో చెవిలోంచో కారే జబ్బు ఉంది. చిక్కల్లా మిగతా మాటలతోనే.

ముందు కాల్షియం సంగతి. ఈ జబ్బు వచ్చినవాళ్లలో పుర్రె ఎముక పలచగా ఉండటం నిజమే. అయితే చాలామందిలో దాన్ని అరగదీసేది లోపలి ఒత్తిడి. తలలో ద్రవం ఒత్తిడి ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే, ముక్కుకూ చెవికీ పైకప్పుగా ఉండే సన్నటి ఎముక ఇంకా సన్నబడి చిల్లు పడుతుంది. మెదడు పొర అందులోకి జారి చిరుగుతుంది. ఊబకాయం ఉన్న నడివయసు ఆడవాళ్లలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది, తలలో ఒత్తిడి పెరిగే జబ్బు కూడా ఊబకాయం ఉన్న ఆడవాళ్లకే ఎక్కువ.

గురక విషయం ఆ మెసేజ్‌లో అసలు లేదు, ఉండాల్సింది అదే. గురకతో పాటు నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు స్లీప్ ఆప్నియా. అది ఉన్నవాళ్లకు ఊపిరి ఆగినప్పుడల్లా రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది, మెదడు రక్తనాళాలు వెడల్పవుతాయి, తలలో ఒత్తిడి ఎగబాకుతుంది. రాత్రికి ఎన్నోసార్లు, ఏళ్ల తరబడి ఇదే తంతు. సీటీ స్కాన్లలో ఎముక మందాన్ని కొలిచిన పరిశోధనల్లోనూ, స్లీప్ ఆప్నియా ఉన్నవాళ్ల పుర్రె ఆ జబ్బు లేనివాళ్ల కన్నా పలచగా తేలింది. ఈ ఒత్తిడిని కాల్షియం మాత్ర ఏం చేస్తుంది? వేరే కారణానికి డాక్టర్ రాసి ఉంటే వాడుకోండి, దీనికోసమైతే దండగ.

మెదడు ద్రవంలో గ్లూకోజ్ ఉంటుంది కాబట్టే షుగర్ స్ట్రిప్ సలహా, కానీ దాన్ని నమ్మడానికి లేదు. కన్నీళ్లలో, ముక్కు నీటిలో కూడా గ్లూకోజ్ ఉండొచ్చు, రక్తం కలిస్తే సరేసరి. నమ్మదగిన పరీక్ష బీటా-2 ట్రాన్స్‌ఫెరిన్, అంటే మామూలు ముక్కు నీటిలో కాకుండా మెదడు ద్రవంలో ఉండే ప్రోటీన్ కోసం చూసేది. కారిన నీటిని కొద్దిగా పట్టి ల్యాబ్‌కు ఇస్తే చాలు. అసలు కారే ప్రతి ముక్కుకూ టెన్షన్ అక్కర్లేదు, అందులో ఎక్కువ భాగం జలుబో అలర్జీయో. ఒకే రంధ్రం నుంచి నీళ్లలా కారుతూ, ముందుకు వంగితే ఎక్కువవుతూ, గొంతులో ఉప్పగా తగులుతుంటే అప్పుడు ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

నిలబడితే వచ్చి పడుకుంటే తగ్గే తలనొప్పి వేరే జబ్బుది. అది వెన్నెముక దగ్గర ద్రవం కారడం వల్ల వస్తుంది. రెండింటినీ కలిపేస్తే వెతకాల్సిన చోటే మారిపోతుంది.

ఇక ఆపరేషన్ భయం. ముక్కు వైపు చిల్లును చాలాసార్లు ముక్కులోంచే ఎండోస్కోప్‌తో, ఒంట్లోని కణజాలమే వాడి మూసేస్తారు. పదిమందిలో తొమ్మిదిమందికి పైగా మొదటిసారే సఫలమవుతుంది. చెవి వైపైతే కొందరికి చెవి పైన చిన్న కిటికీలా ఎముక తీయాల్సి వస్తుంది, అంతమాత్రం నిజం. దెబ్బ తగిలి మొదలైన కారడం చాలామందికి దానంతటదే ఆగుతుంది గానీ, ఇలా దెబ్బ లేకుండా వచ్చింది అరుదుగా ఆగుతుంది. చిల్లు తెరిచి ఉన్నన్నాళ్లూ మెనింజైటిస్ (మెదడు పొరలకు ఇన్ఫెక్షన్) ముప్పు ఉంటుంది, అందుకే దాన్ని తెచ్చే ఒక బ్యాక్టీరియాను అడ్డుకునే న్యూమోకాకల్ టీకా కూడా వేయించుకోమంటారు.

చిల్లు మూసి ఊరుకున్నా సరిపోదు. ఒత్తిడి అలాగే ఉంటే అక్కడో పక్కనో మళ్లీ చిల్లు పడొచ్చు. బరువు తగ్గడం, ద్రవం తయారీని తగ్గించే అసెటజోలమైడ్ మాత్రలు, కొందరికి ఎక్కువైన ద్రవాన్ని వేరే చోటికి మళ్లించే సన్నటి గొట్టం (షంట్) అవసరమయ్యేది అందుకే. గురకకు ఇప్పటికే, నిద్రలో ముక్కులోకి ఒత్తిడితో గాలి పంపే సీప్యాప్ మిషన్ వాడుతుంటే ఆ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పండి. చిల్లు మూయకముందు ఆ గాలి తలలోకి చొరబడే ప్రమాదం ఉంది, ఆపరేషన్ తర్వాత మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో కూడా ఆయనే చెప్పాలి.