మహిళల ఛాంపియన్స్ లీగ్ ఎవరి దానమూ కాదు

ఐరోపా మహిళల ఫుట్‌బాల్ క్లబ్బుల పోటీ అయిన ఛాంపియన్స్ లీగ్ గురించి ఒక సందేశం ఫోన్ నుంచి ఫోన్‌కు తిరుగుతూనే ఉంది. దాని సారం ఇది. ఆ పోటీ పురుషుల క్లబ్బులు తమ మిగులు డబ్బుతో పెట్టిన ధర్మసత్రం. చూడటానికి ఎవరూ రారు, వచ్చినా ఉచిత టికెట్ల మీద వచ్చినవాళ్లే. ఎప్పుడూ ఒకే జట్టు గెలుస్తుంది కాబట్టి అందులో పోటీయే లేదు. ఆ క్రీడాకారిణులు పదిహేనేళ్ల కుర్రాళ్ల చేతిలోనే ఓడిపోతారు. చివరగా, మనకూ ఆ పోటీకీ ఏ సంబంధమూ లేదు. ఈ మాటల్లో కొన్నింటిలో పిసరంత నిజం ఉంది. అందుకే సందేశం ఇంత దూరం వెళ్లింది. ఆ పిసరును పక్కకు తీసి, మిగిలినదాన్ని ఉన్నదున్నట్లు చూపించాలని నా పంతం. ఈ పోటీ కోసం ఎన్నో రాత్రులు నిద్ర మానుకున్నవాణ్ణి, చూస్తూ ఊరుకోలేను.

ముందు ధర్మసత్రం సంగతి. ఈ పోటీని ఐరోపా ఫుట్‌బాల్ సమాఖ్య యూఫా 2001-02లో యూఫా మహిళల కప్ పేరుతో మొదలుపెట్టింది. 2002 మే నెలలో జరిగిన మొదటి ఫైనల్‌లో జర్మనీకి చెందిన ఫ్రాంక్‌ఫర్ట్, స్వీడన్‌కు చెందిన ఊమెయోను 2-0తో ఓడించింది. ఆనాటి ఫ్రాంక్‌ఫర్ట్ అచ్చంగా మహిళల క్లబ్బు. పురుషుల క్లబ్బయిన ఐన్‌ట్రాక్ట్‌లో అది కలిసింది 2020లో. అప్పటికే నాలుగు ఐరోపా కప్పులు గెలిచి ఉంది. తర్వాతి రెండేళ్లూ ఊమెయోదే విజయం. ఉత్తర స్వీడన్‌లోని ఆ ఊరికి పురుషుల ఫుట్‌బాల్‌లో చెప్పుకోదగ్గ పేరేమీ లేదు. అయినా తర్వాత ఈ ఆటలో ప్రపంచ దిగ్గజమైన మార్తా, పద్దెనిమిదేళ్ల వయసులో, 2004లో బ్రెజిల్ నుంచి వచ్చి చేరింది అక్కడికే. 2005లో పోట్స్‌డామ్ గెలిచింది. తూర్పు జర్మనీ కాలంలో, 1971లో పుట్టిన మహిళల జట్టు అది. 2009లో డ్యూయిస్‌బర్గ్ గెలిచింది. పోటీ పేరు ఛాంపియన్స్ లీగ్‌గా మారిన మొదటి ఏడాది, 2010లో, మళ్లీ పోట్స్‌డామ్. తొలి తొమ్మిది కప్పుల్లో పురుషుల పెద్ద క్లబ్బు నీడలో ఉన్న జట్టు గెలిచింది ఒక్కటే, 2007లో ఆర్సెనల్. మిగతా ఎనిమిదీ మహిళల ఫుట్‌బాల్‌నే నమ్ముకున్న క్లబ్బులవి.

అంటే ఇల్లు కట్టింది వాళ్లు. పెద్ద క్లబ్బులు గృహప్రవేశం అయ్యాక వచ్చాయి. వచ్చి డబ్బు పెట్టాయి, నిజమే. లియోన్, బార్సిలోనా, చెల్సీ జట్లు ఈ స్థాయికి చేరడంలో ఆ డబ్బు పాత్రను నేను తక్కువ చేయను. కానీ ఆ డబ్బు ధాటికి నిలవలేక పోట్స్‌డామ్ లాంటి క్లబ్బులు వెనకబడిపోయాయి. పునాది వేసినవాళ్లను మరిచిపోయి, తర్వాత వచ్చినవాళ్లను దాతలుగా కీర్తించడం నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించే విషయం.

దానం అన్నారు కాబట్టి లెక్క కూడా చూడాలి. 2021-22లో మహిళల పోటీకి గ్రూప్ దశను తెచ్చినప్పుడు యూఫా కేటాయించిన మొత్తం 2.4 కోట్ల యూరోలు. అంతకుముందుతో పోలిస్తే అది పెద్ద పెంపే. అదే ఏడాది పురుషుల ఛాంపియన్స్ లీగ్ క్లబ్బులకు పంచింది సుమారు 200 కోట్ల యూరోలు. మహిళలకు దక్కింది అందులో వందో వంతుకు కాస్త ఎక్కువ. దీన్ని దానం అనగలమా?

ఇక ప్రేక్షకులు. 2012లో మ్యూనిక్ ఒలింపిక్ స్టేడియంలో లియోన్, ఫ్రాంక్‌ఫర్ట్ మధ్య జరిగిన ఫైనల్‌కు 50,212 మంది వచ్చారు. 2022 మార్చి 30న క్యాంప్ నౌలో బార్సిలోనా, రియల్ మాడ్రిడ్ క్వార్టర్ ఫైనల్‌కు 91,553 మంది. ఆ మ్యాచ్‌కు టికెట్లు చాలా చవకగా పెట్టారు, ఒప్పుకుంటాను. చవక అని ఒకసారి వస్తారు, ఆట బాగోకపోతే మళ్లీ రారు. కానీ మూడు వారాలు తిరగకముందే అంటే అతిశయోక్తి, సరిగ్గా ఇరవై మూడు రోజులకు, ఏప్రిల్ 22న, అదే మైదానంలో వోల్ఫ్స్‌బర్గ్‌తో సెమీఫైనల్‌కు 91,648 మంది వచ్చారు. 2023 మే 1న లండన్‌లో ఆర్సెనల్, వోల్ఫ్స్‌బర్గ్ సెమీఫైనల్ చూసినవాళ్లు 60,063 మంది. టికెట్లన్నీ ముందే అమ్ముడైపోయాయి. మరుసటి ఏడాది బిల్బావోలో ఫైనల్‌కు 50,827 మంది. తొలి రౌండ్లలో కొన్ని మ్యాచ్‌లు కొద్ది వేలమంది ముందు చిన్న మైదానాల్లో జరుగుతాయి. దాన్ని దాచాల్సిన పని లేదు. కానీ ఎవరూ రారన్న మాట అబద్ధం.

ఈ అబద్ధం కొత్తది కూడా కాదు. 1920 డిసెంబర్ 26న లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్క్‌లో డిక్, కెర్ లేడీస్ అనే కార్మిక మహిళల జట్టు ఆడితే దాదాపు 53,000 మంది చూశారు. సరిగ్గా ఏడాది తిరగకముందే, 1921 డిసెంబర్ 5న, ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం తన కింద ఉన్న క్లబ్బుల మైదానాల్లో మహిళలు ఆడకూడదని నిషేధం పెట్టింది. ఫుట్‌బాల్ స్త్రీలకు తగిన ఆట కాదని తీర్మానించింది. ఆ నిషేధం దాదాపు యాభై ఏళ్లు నడిచింది. జర్మనీ సంఘం 1955 నుంచి 1970 దాకా అదే పని చేసింది. ఇప్పుడు ఛాంపియన్స్ లీగ్ అని పిలిచే పురుషుల ఐరోపా కప్ మొదలైంది కూడా 1955లోనే. ఒకరికి ఖండమంతా తిరిగే పోటీ పెట్టిన ఏడాదే మరొకరికి ఊళ్లోని మైదానం గేటు మూశారు. మహిళలకు ఐరోపా క్లబ్ పోటీ రావడానికి మరో నలభై ఆరేళ్లు పట్టింది. తలుపు మూసి, లోపల ఎవరూ లేరని చెప్పడం ఏం న్యాయం?

ఒకే జట్టు గెలుస్తుందన్నది మూడో మాట. ఇందులో నిజం పాలు ఎక్కువే. లియోన్ ఎనిమిదిసార్లు గెలిచింది. 2016 నుంచి 2020 దాకా వరసగా ఐదు. కానీ పురుషుల ఐరోపా కప్ తొలి ఐదేళ్లూ రియల్ మాడ్రిడే గెలిచింది. దాన్ని ఎవరూ పోటీలేనితనం అనలేదు, స్వర్ణయుగం అన్నారు. 2025 వరకు జరిగిన 24 సీజన్లలో మహిళల కప్పు ఎనిమిది వేర్వేరు క్లబ్బుల చేతికి వెళ్లింది. 2019 ఫైనల్‌లో బార్సిలోనాను లియోన్ 4-1తో చిత్తు చేసింది. లియోన్ క్రీడాకారిణి ఆడా హెగర్‌బర్గ్ తొలి అరగంటలోనే మూడు గోల్స్ కొట్టింది. రెండేళ్లు తిరిగేసరికి అదే బార్సిలోనా 4-0తో చెల్సీని ఓడించి కప్పు ఎత్తింది.

అయినా ఈ మాటకు అసలు జవాబు 2024-25 సీజన్. ఆర్సెనల్ ఆ ఏడాది నేరుగా గ్రూప్ దశకు రాలేదు, మొట్టమొదటి అర్హత రౌండ్ నుంచి మొదలుపెట్టింది. రెండో రౌండ్‌లో (క్వార్టర్ ఫైనల్, సెమీఫైనల్‌లలో లాగే ఇక్కడా రెండు మ్యాచ్‌ల గోల్స్ కలిపి విజేతను తేలుస్తారు) స్వీడన్ జట్టు హాకెన్ చేతిలో తొలి మ్యాచ్ ఓడింది, తిరుగు మ్యాచ్‌లో 4-0తో గట్టెక్కింది. గ్రూప్ దశ మొదటి మ్యాచ్‌లోనే బయర్న్ మ్యూనిక్ చేతిలో 5-2తో ఓడింది. కొద్ది రోజులకే కోచ్ యోనస్ ఐడెవాల్ తప్పుకున్నాడు. సహాయకురాలిగా ఉన్న రెనే స్లెగర్స్ పగ్గాలు అందుకుంది. క్వార్టర్ ఫైనల్‌లో రియల్ మాడ్రిడ్ చేతిలో తొలి మ్యాచ్ 2-0తో ఓడి, లండన్‌లో 3-0తో తిరగరాసింది. సెమీఫైనల్‌లో సొంత మైదానంలో లియోన్‌కు 2-1తో తలవంచింది. ఎనిమిదిసార్లు ఛాంపియన్ అయిన జట్టు దాని సొంతగడ్డ మీద ఎదురుగా ఉంటే, అక్కడికి వెళ్లి 4-1తో గెలిచింది. మూడుసార్లు మొదటి మ్యాచ్ ఓడి, మూడుసార్లూ లేచి నిలబడిన జట్టు ఫైనల్‌కు వచ్చింది.

లిస్బన్‌లో ఎదురుగా బార్సిలోనా. వరసగా మూడో కప్పు మీద కన్ను. సెమీఫైనల్‌లో చెల్సీని రెండు మ్యాచ్‌లలోనూ 4-1తో ఓడించి వచ్చిన జట్టు. 67వ నిమిషంలో స్లెగర్స్ ఇద్దరిని బెంచ్ మీద నుంచి మైదానంలోకి దింపింది, బెత్ మీడ్‌నూ, స్టీనా బ్లాక్‌స్టెనియస్‌నూ. ఏడు నిమిషాల తర్వాత మీడ్ పాస్ ఇచ్చింది, బ్లాక్‌స్టెనియస్ గోల్ కొట్టింది. 1-0. పద్దెనిమిదేళ్ల తర్వాత కప్పు మళ్లీ ఆర్సెనల్‌కు. పోటీయే లేదని రాసినవాళ్లు ఈ ఒక్క సీజన్‌ను మొదటి నుంచి చివరిదాకా చూసి మళ్లీ ఆ మాట రాయగలరా?

కుర్రాళ్ల చేతిలో ఓటమి గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. 2017లో అమెరికా జాతీయ మహిళల జట్టు డాలస్ క్లబ్బు పదిహేనేళ్లలోపు బాలురతో ఒక అనధికారిక సాధన మ్యాచ్ ఆడి 5-2తో ఓడింది. అది ఐరోపా జట్టు కాదు, క్లబ్బు కాదు, పోటీ అంతకన్నా కాదు. శరీర బలంలో తేడా ఉంటుందని అందరికీ తెలుసు, అందుకే విభాగాలు పెట్టారు. 2000లో సిడ్నీలో కరణం మల్లీశ్వరి 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చినప్పుడు, పురుషులు అంతకంటే ఎక్కువ ఎత్తుతారు కాబట్టి ఆ పతకానికి విలువ లేదని మనం అన్నామా? ఊరూరా సంబరం చేసుకున్నాం.

మనకు సంబంధం లేదన్నది చివరి మాట. 2022 ఆగస్టు 18న సైప్రస్‌లో అపోలన్ జట్టు లాత్వియా క్లబ్బు రీగాతో ఛాంపియన్స్ లీగ్ అర్హత మ్యాచ్ ఆడింది. 60వ నిమిషంలో మైదానంలోకి వచ్చిన అమ్మాయి పంజాబ్‌కు చెందిన మనీషా కల్యాణ్. ఈ పోటీలో ఆడిన మొదటి భారతీయురాలు ఆమే. అపోలన్ 3-0తో గెలిచింది. మనకు లేనిది సంబంధం కాదు, అవకాశం. మనీషా అంతకుముందు ఆడిన గోకులం కేరళ జట్టు అదే వారం ఆసియా మహిళల క్లబ్ ఛాంపియన్‌షిప్ కోసం తాష్కెంట్ చేరుకుంది. అప్పుడే భారత ఫుట్‌బాల్ సమాఖ్య వ్యవహారాల్లో బయటివారి జోక్యం ఉందంటూ ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫిఫా ఆ సమాఖ్యను సస్పెండ్ చేసింది. దేశంలో లీగ్ గెలిచి, సామాన్లు సర్దుకొని, విమానం ఎక్కి వెళ్లిన ఆ అమ్మాయిలు ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా తిరిగి వచ్చారు. ఆగస్టు 26న ఫిఫా సస్పెన్షన్ ఎత్తేసేసరికి తాష్కెంట్‌లో వాళ్లు ఆడాల్సిన తేదీ దాటిపోయింది.