మహారాజశ్రీ ఒక అంగుళం గారికి

మహారాజశ్రీ ఒక అంగుళం గారి దివ్యసముఖమునకు డల్లాస్ నుంచి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ, మీ కుశలానికి లోటేముంది? 100 గజాల దూరంలో మూడు గుండ్లు కాలిస్తే మూడూ అంగుళంలోపే పడతాయని చెప్పే రైఫిల్ డబ్బా మీద మీరే, బ్రోషర్లో మీరే, యూట్యూబులో తుపాకీ పట్టుకున్న ప్రతి అన్నయ్య నోట్లోనూ మీరే. కుశలం లేనిది నాకు.

గురువారం పార్సిల్ వచ్చింది. పైన కంపెనీ పేరు చూడగానే ప్రాణం లేచొచ్చింది. రెండు వారాలుగా ఎదురుచూస్తున్న మ్యాగజైన్ లాచ్, అంటే తూటాలు పెట్టే డబ్బాని రైఫిల్‌కి పట్టి ఉంచే గడియ, వచ్చేసిందనుకున్నాను. బొటనవేలి గోరంత ప్లాస్టిక్ ముక్క అది. విప్పి చూస్తే పన్నెండు టార్గెట్ కాగితాలు. కాగితం నిండా అంగుళం అంగుళం గళ్లు. అంటే తమరే. మీ మీద ఫిర్యాదు చేస్తే మీ ఫొటోలు పన్నెండు పంపించారు సార్.

టెక్సస్ లానోలో జింకల వేటకెళ్లినప్పుడు ఏం జరిగిందో మీకు తెలిసే అవకాశం లేదు. మీరు కాల్పులు ప్రాక్టీసు చేసే రేంజిలో బెంచీ మీద, ఇసుక సంచుల మధ్య తప్ప ఇంకెక్కడా కనపడరు కదా, అందుకని చెబుతున్నాను. నవంబరు మొదటి శనివారం, సీజన్ మొదటిరోజు. చీకట్లోనే మంచె ఎక్కి కూర్చున్నాను. ఇక్కడివాళ్లు బ్లైండ్ అంటారు గానీ నాలుగు ప్లైవుడ్ గోడలూ ఓ కిటికీ ఉన్న మంచె అది. ఎదురుగా మెస్కీట్ చెట్లు, అంటే మన సర్కారు తుమ్మకి దగ్గరి చుట్టాలు. అందుకే కాబోలు, ఆ ముళ్లు చూస్తే ఎప్పుడూ ఇంటి దగ్గర ఉన్నట్టే ఉంటుంది. వెలుగు రావడం మొదలైంది. తుమ్మల్లోంచి ముందు ముక్కు, తర్వాత చెవులు, తర్వాత కొమ్ములు బయటికొచ్చాయి. నిండుగా ఎదిగిన మగజింక, 80 గజాలు కూడా లేదు. నేను ఊపిరి బిగబట్టి రైఫిల్ మెల్లగా కిటికీ మీదికి చేర్చాను. చెక్క అంచు లాచ్‌కి ఇలా తగిలిందో లేదో, మ్యాగజైన్ ఊడి ప్లైవుడ్ మీద టపేల్‌మని పడింది. దాంట్లోంచి రెండు తూటాలు గలగలా దొర్లాయి. జింక తల ఎత్తి నన్ను చూసింది. ఒట్టు, నన్నే చూసింది. తెల్లతోక జెండాలా లేపి వెళ్లిపోయింది. బ్యారెల్లో తూటా ఉంది, చేతిలో రైఫిల్ ఉంది, స్కోపులో తుమ్మచెట్టు ఉంది.

ఇంటికొస్తే మా ఆవిడ ఒకే మాట అడిగింది. "ఏవండీ, జింకమాంసం అని ఫ్రీజర్ మొత్తం ఖాళీ చేయించారు. ఇప్పుడు అందులో ఏం పెట్టను, మీ మ్యాగజైనా?"

సోమవారం కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. నలభై నిమిషాలు గిటారు వినిపించాక ఒక కుర్రాడు లైన్లోకి వచ్చాడు. ఎంతో మర్యాదస్తుడు. విషయం మొత్తం విని, "సార్, 100 గజాల్లో గ్రూపు ఎంత పడుతోంది?" అన్నాడు. గ్రూపంటే గుండ్లు ఒకదానికొకటి ఎంత దగ్గరగా పడ్డాయన్న కొలత.

"ముప్పాతిక అంగుళం."

"వావ్! మరింకేంటి సార్ ప్రాబ్లం?"

"మ్యాగజైన్ పడుతోంది బాబూ."

"గ్రూపు పడుతోంది కదా సార్?"

గ్రూపూ పడుతోంది, మ్యాగజైనూ పడుతోంది, ఆరోజు పడనిది జింక ఒక్కటే అని ఎంత చెప్పినా ఎక్కలేదు. వాడి ముందున్న ఫారంలో ఒక్కటే గడి ఉన్నట్టుంది. అంగుళంలోపు కొడితే మంచి తుపాకీ, కొట్టకపోతే చెడ్డ తుపాకీ. లాచ్ అనేది వాళ్ల రికార్డుల్లో పుట్టనే లేదు. చివరికి "మీకోసం ఏదో ఒకటి పంపిస్తాను సార్" అన్నాడు. పంపించాడు. పన్నెండు.

మీ పుట్టుపూర్వోత్తరాలు నాకు తెలియనివి కావు. అసలు పేరు మినిట్ ఆఫ్ యాంగిల్, అంటే డిగ్రీలో 60వ వంతు. 100 గజాల దూరంలో అది 1.047 అంగుళాలు. ఆ చివరి 0.047ని మావాళ్లు పొడవాటి ఇంటిపేరు మింగేసినట్టు మింగేసి మిమ్మల్ని ముద్దుగా అంగుళం చేశారు. ఒకప్పుడు మీ దర్శనం అందరికీ అయ్యేది కాదు. చవక తుపాకీకి రెండంగుళాల గ్రూపు పడితే సంతోషించేవాళ్లు. 1958లో సావేజ్ కంపెనీ 110 మోడల్ రైఫిల్ తెచ్చింది. తూటా కూర్చునేచోట కొలత సరిపోయేదాకా బ్యారెల్‌ని తిప్పి, దాని మీద ఒక నట్టు బిగించేశారు. ఆకురాయి పట్టుకుని ఒక్కో బ్యారెల్ దగ్గర గంటలు కూర్చునే పనివాడి అవసరం తగ్గిపోయింది. ఇవాళ చాలా చవక రైఫిళ్లలో ఉన్నది ఆ నట్టే. ఆ తర్వాత కంప్యూటరుతో నడిచే యంత్రాలు వచ్చాయి, మంచి బ్యారెల్ చవకైపోయింది. నేను స్కోపుతో కలిపి 450 డాలర్లకు కొన్న ఈ రైఫిల్ బ్యారెల్‌ని తిట్టమంటే నాకు నోరు రాదు. బంగారం.

చిక్కంతా అక్కడే వచ్చింది. మీరు చవకగా దొరుకుతున్నారని తెలిశాక కంపెనీలు మిమ్మల్ని డబ్బా ముందు నిలబెట్టి, వెనక మిగతావన్నీ కోసేయడం మొదలుపెట్టాయి. తూటాని లోపలికి తోసే బోల్ట్ లాగితే పాత ఇంటి తలుపు గడియ తీసినట్టుంటుంది. ట్రిగ్గర్ నొక్కడం మొదలుపెట్టి మధ్యలో వెళ్లి టీ తాగి రావచ్చు. భుజానికి ఆనే రబ్బరు కన్నా నా హవాయి చెప్పు మెత్తన. ఊరికే వచ్చిన ఆ స్కోపుకి సాయంత్రమైతే చాలు, శుక్లాలు. బ్యారెల్‌కీ దాన్ని మోసే ప్లాస్టిక్ స్టాక్‌కీ మధ్య సందు ఉండాలి, అందులో డాలరు నోటు దూర్చి లాగితే సాఫీగా జారాలి అంటారు. బల్ల మీద జారుతుంది. కింద బైపాడ్ అనే రెండుకాళ్ల స్టాండు తగిలించి కాస్త ముందుకి ఆనానో లేదో ప్లాస్టిక్ పైకి వంగి బ్యారెల్‌ని తాకుతుంది, నోటు ఇరుక్కుపోతుంది. దాంతోపాటే గురి కూడా ఎటో పోతుంది. ఆ నోటుకి ఒక మూల ఇప్పటికే చిరిగింది. అది కూడా ఖర్చు కిందే రాసుకున్నాను.

1964లో విన్‌చెస్టర్ వాళ్లు ఇలాంటి పనే చేశారు. మోడల్ 70 రైఫిల్లో తూటాని పిడికిట్లో పట్టినట్టు పట్టి, ఖాళీ కేసుని బయటికి లాగే పెద్ద కొక్కెం, ఎక్స్‌ట్రాక్టర్, తీసేశారు. చెక్క మీద చెక్కే నగిషీ బదులు అచ్చుతో నొక్కేశారు. జనం గగ్గోలు పెట్టారు. గ్రూపు పెద్దదైందని కాదు, చేతిలో పట్టుకుంటే తెలిసిపోయిందని. ఇవాళ్టికీ 1964కి ముందువాటికి ఎక్కువ డబ్బు పెట్టి మరీ కొంటున్నారు. మా పక్కింటి పెద్దాయన దగ్గర ఒకటుంది. గ్రూపు ఎంతండీ అని అడిగితే, "నేనెప్పుడూ కొలవలేదు, జింకల్ని అడుగు" అన్నాడు. మీ పేరే విననట్టు మాట్లాడాడు సార్. నాకు కడుపు నిండిపోయింది.

ఇంకొకాయన మా పెదనాన్న. ఊళ్లో ఆయన దగ్గర ఇషాపూర్ ఫ్యాక్టరీ .315 రైఫిల్ ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట పోయింది కాబట్టి దాని పనల్లా వేరుశనగ చేలో పందులొస్తే ఆకాశంలోకి ఒకటి పేల్చడం. ఎన్నికలొచ్చిన ప్రతిసారీ స్టేషన్‌లో అప్పగించి, అయ్యాక తెచ్చుకుని నూనె పెట్టుకుంటాడు. వాట్సాప్ వీడియోలో నా రైఫిల్ చూపించి, "పెదనాన్నా, ముప్పాతిక అంగుళం కొడుతుంది" అని గొప్పలు పోయాను. ఆయన అదేం పట్టించుకోలేదు. "సరేలేరా అబ్బాయ్, తూటా తోస్తుంటే ఎక్కడైనా పట్టేస్తుందా? ఖాళీ కేసు గబుక్కున బయటికొస్తుందా? కిందపడితే ఏదైనా ఊడుతుందా?" అని మూడు అడిగాడు. మూడోదానికి నేను కెమెరా పక్కకి తిప్పాను. మీ కంపెనీ ఇంజనీర్లందరినీ ఒకవైపు, మా పెదనాన్నని ఒకవైపు కూర్చోబెడితే నేనెటు కూర్చుంటానో వేరే చెప్పాలా?

పోనీ మీరైనా నిజాయితీపరులా? మీ గ్యారంటీ మూడు గుండ్లకి. అదీ మంచి తూటాలతో, చేయి తిరిగినవాడు కాలిస్తే, అని సన్న అక్షరాల్లో ఉంటుంది. మూడే ఎందుకో లెక్కేసి చూశాను, నా ఉద్యోగమే అది. మూడేసి గుండ్లకు సగటున ఒక అంగుళం గ్రూపు వేసే తుపాకీ, అవే తూటాలతో ఐదేసి కాలిస్తే ఒకటింబావు అవుతుంది. పదేసి కాలిస్తే ఒకటిన్నర దాటుతుంది. తుపాకీ చెడిపోయి కాదు, గుండ్లు పెరిగేకొద్దీ దాని అసలు గుణం బయటపడుతుంది, అంతే. పెళ్లిచూపులకి మూడు నిమిషాలు చాలంటున్నారన్నమాట మీరు.

రేంజిలో నా తోటివాళ్లు మీకన్నా ఘనులు. మూడు దగ్గరగా పడ్డాయా, లేచి ఫొటో తీస్తారు. నాలుగోది పక్కకి పోయిందా, "అది ఫ్లయర్ బ్రో, ఊపిరి తప్పింది" అంటారు. బాగా పడిన మూడూ తుపాకీ గొప్ప, పక్కకి పోయిన ఒక్కటీ ఊపిరి తప్పు. ఆరు గ్రూపులు కాల్చి ఐదు చెత్తబుట్టలో వేసి, ఆరోది మడిచి పర్సులో పెట్టుకుంటారు. పిల్లల ఫొటో ముందు అది.

అసలు జింకకి మీతో పనేంటి? గుండె, ఊపిరితిత్తులు ఉండేచోటు ఎనిమిది అంగుళాలు, మన టిఫిన్ ప్లేటంత. నా మంచె మీంచి 80 గజాల్లో రెండంగుళాలు కొట్టే తుపాకీ అయినా ప్లేటు మధ్యలో ఇడ్లీ మీద పడుతుంది. నాకు కావాల్సింది అంగుళం కాదురా. మ్యాగజైన్ తుపాకీలో ఉండాలి. అంతే! 450 డాలర్లు తీసుకుని గోరంత లాచ్‌కి ఓ స్టీలు ముక్క పెట్టడానికి చేతులు రాలేదా మీకు? ఎంతవుతుంది, రెండు డాలర్లా, మూడా? అది డబ్బా మీద అచ్చువేయడానికి పనికిరాదు కాబట్టి ప్లాస్టిక్. డబ్బా మీద నువ్వు పనికొస్తావు కాబట్టి నీకు బంగారపు బ్యారెల్. నీ వల్లే రా ఇదంతా. అంకెగా పుట్టినవాడివి అంకెగా ఉండకుండా, సర్టిఫికెట్టు అయి కూర్చున్నావు.

క్షమించండి, నోరు జారింది. మళ్లీ గారు అనే పిలుస్తాను.

లాచ్ సంగతికొస్తే, నల్ల ఇన్సులేషన్ టేపు మూడు చుట్లు చుట్టాను. స్టాక్ ముందు భాగంలో లోపల ఎపాక్సీ పోసి గట్టిపరిచాను. నోటు ఇప్పుడు బైపాడ్ మీద కూడా జారుతోంది. కలెక్టరాఫీసు స్కూటర్లా ఉంది చూడ్డానికి. అయినా ఇప్పుడు చేతిలోకి తీసుకుంటే నాదిలా అనిపిస్తోంది, ఎందుకో తెలీదు.

నిన్న మధ్యాహ్నం మీరు పంపిన కాగితాల్లో ఒకటి పట్టుకుని రేంజికి వెళ్లాను. పది కాల్చి మీ బండారం బయటపెడదామనే వెళ్లాను. మొదటి గుండు గడి మధ్యలో పడింది. రెండోది దాన్ని ఆనుకుని పడింది. మూడోది ఆ రెండిటినీ కలిపేసింది. మూడూ కలిసి ఒకే చిరుగు, పావలా బిళ్ల అడ్డం పెడితే కనపడదు. బ్యారెల్ కొంచెం చల్లారనిద్దామని ఆగాను. పక్క బెంచీలో ఒక కుర్రాడు బైనాక్యులర్స్‌లోంచి చూసి ఈల వేశాడు.

నాలుగోది కాల్చలేదు.

ఇట్లు,
పర్సులో కాగితం మడిచి పెట్టుకున్న
మీ విధేయుడు